మూత కింది సముద్రం

దిబ్బపుట్టుగ,
12 మార్చి 2000.

ఉమా,

నువ్వు టెక్కలి వచ్చి నెల దాటిందట. సోంపేట బస్టాండులో నిమ్మాడ చిన్నాన్న కనబడి చెబితే తెలిసింది. రెండు గంటల బస్సు దూరంలో సొంత అక్క ఉందని గుర్తుంటే ఒక కార్డు ముక్కయినా రాసేవాడివి. సరే, ఆ దెబ్బలాట తరవాత. ఇప్పుడు పనిబడి రాస్తున్నాను. పనిబడితే నేను మంచిగానే మాట్లాడతానని నీకు తెలుసు.

అక్టోబరు తుఫానులో సముద్రం మా దిబ్బ మీదికి ఎక్కి దిగింది. కొబ్బరిచెట్లు పడిన సంగతి పేపర్లలో చూసే ఉంటావు. నీళ్ళ సంగతి ఎవరూ రాయలేదు. ఇక్కడ మాకు బావులు లేవు. ఇసుకలో నిలువెత్తు గొయ్యి తవ్వితే అడుగున నీళ్ళు ఊరతాయి, కొబ్బరిచిప్పతో తోడి బిందెలో పోసుకుంటాం. దాన్నే చెలమంటారు. సముద్రం ఎక్కిన చెలమలన్నీ చెడిపోయాయి. ఎత్తున ఉన్నవి మూడే మిగిలాయి. నా బడిపిల్లలు వాటి దగ్గర వరస నిలబడి పదకొండింటికి బడికొస్తున్నారు.

మిగిలిన చెలమలు ఇంకొంచెం లోతు చెయ్యమని నూకయ్యని అడిగాను. అతను పాలెంలో ఉండే చేపలవాడు. కానీ ఊళ్ళో ఎవరికి చెలమ కావాలన్నా తవ్వాల్సింది అతనే. ఇసుక కింద నల్లబంక తగలగానే పార పక్కన పెట్టేస్తాడు. పిడికెడు బంక తీసి, ఆ నీళ్ళు తోడుకోబోయే ఆడమనిషి చేతికిస్తాడు. ఆవిడ దాని వాసన చూసి తన చేత్తోనే ఉన్నచోట పెట్టెయ్యాలి. పైన గంపెడు కొత్త ఇసుక పోస్తాడు. ఇక ఎన్ని చెప్పినా అంగుళం దిగడు. ఎందుకయ్యా అంటే, "అది మూత టీచరమ్మా. కింద పాత సముద్రం తొంగుంది. నేపకూడదు" అన్నాడు. పడుకున్నదాన్ని లేపకూడదట.

మీ బావ ఈ ఊరి ప్రెసిడెంటు. బోరు వేయిస్తానని అందరికీ మాటిచ్చి కూర్చున్నారు. ఎక్కడ వెయ్యాలో చెప్పే చదువు చదివింది నువ్వు. వచ్చి చెప్పు. ఫోను చేద్దామంటే తుఫానుకి పడిన తీగలు ఇంకా లేవలేదు.

కుసుమ

టెక్కలి,
2 ఏప్రిల్ 2000.

అక్కకి,

తిట్లు అందాయి. ఇల్లు దొరికేదాకా రాయకూడదనుకున్నాను, అంతే.

నూకయ్య మాట చదివి మొదట నవ్వుకున్నాను. రెండోసారి చదివాక నవ్వు రాలేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మేము అయిదేళ్ళు చదివి పరీక్ష రాసే సంగతిని ఆయన పార పక్కన పెట్టి చెబుతున్నాడు.

మీ పిల్లలకి చెప్పడానికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. ఓ ఆరువేల ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటికన్నా ఎత్తుగా, మహేంద్రగిరి వైపు చాలా లోపలికి ఉండేది. అప్పటికి మీ ఊరూ లేదు, దిబ్బా లేదు. అలలు తెచ్చిన ఇసుక ఒడ్డు పొడవునా గట్టులా పేరుకుంది. గట్టు పెరిగేకొద్దీ లోపలి నీళ్ళు సముద్రం నుంచి విడిపోయాయి. ఆ మడుగులోకి కొండవాగులు ఒండ్రు తెచ్చి పోశాయి. మడచెట్లు మొలిచాయి, రాలిన ఆకు కుళ్ళింది, గవ్వలు అడుగున పడ్డాయి. అన్నీ కలిసి నల్లబంక అయింది. తరవాత సముద్రం వెనక్కి తగ్గింది. గాలి కొత్త ఇసుక తెచ్చి బంక మీద కొంతమేర కప్పింది. అది మీ దిబ్బ. ఇసుక కప్పనిచోట చిత్తడి మిగిలిపోయింది. మీరు కొంగలకీ తుంగకీ వదిలేసిన బీల అదే.

వాన ఇసుకలోంచి దిగి బంక మీద ఆగుతుంది. మీ చెలమల్లో ఊరేది ఆ వాననీళ్ళే. బంక కింద ఇంకో ఇసుకపొర ఉంటుంది. సముద్రం వెళ్ళిపోయేటప్పుడు అందులో ఉన్న నీళ్ళు పైకి రాలేక అక్కడే ఉండిపోయాయి. వాటి మీద అంత బరువుంది కాబట్టి దారి దొరికితే పైకి తన్నుకొస్తాయి. నూకయ్య పడుకుందన్న పాత సముద్రం అదే.

ఆయనకి తెలియంది ఒకటుంది. ఆ ఉప్పుపొర కింద రాయి ఉంది. రాతి పగుళ్ళలోకి కొండల వైపు నుంచి మంచినీళ్ళు వస్తుంటాయి. బంకనీ ఉప్పుపొరనీ దాటి రాతిలోకి దిగేదాకా ఇనుప పైపు వేసి, దాని చుట్టూ సిమెంటు పోసి మూసేస్తే, పాత సముద్రానికి తెలియకుండా కింది నీళ్ళు తెచ్చుకోవచ్చు. వర్షాలు తగ్గాక యంత్రం తీసుకొచ్చి కొలుస్తాను. నూకయ్య చేత్తో తీసిన బంక ఒక ముద్ద, అందులో గవ్వ దొరికితే గవ్వ, కాగితంలో చుట్టి పంపు.

ఉమాశంకర్

దిబ్బపుట్టుగ,
18 జూన్ 2000.

ఉమా,

బంక, రెండు గవ్వలు చిన్నాన్నతో పంపాను. పంపేముందు వాసన చూశాను. పాతకాలపు ఇనప్పెట్టె తెరిచినట్టుంది. నచ్చలేదు.

నీ ఉత్తరం బడిలో చదివాను. తరవాత పాలెం వెళ్ళి నూకయ్యకీ అతని పెళ్ళాం అప్పలమ్మకీ కూడా చదివి వినిపించాను. తను చెప్పింది నిజమని చదువుకున్నవాడు రాశాడని నూకయ్య మురిసిపోతాడనుకున్నాను. అతను చివరిదాకా విని, వల అల్లే పని ఆపకుండానే, "మూతకి కన్నమెట్టి మల్లీ మూత్తారేటి? కుండకి కన్నమెట్టి మైనం పూసినట్టుంది. మైనం పూసీవోడు అశ్రద్ధ సేత్తే?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మా తమ్ముడు దగ్గరుండి చూసుకుంటాడు, వాడు సంతకం పెట్టాడంటే అందులో అశ్రద్ధ ఉండదు అన్నాను. పాలెం అంతా వింటుండగా అన్నాను. చిన్నప్పుడు పరీక్షలో పక్కవాడు నీ పేపరు చూసి రాశాడని నువ్వే మేష్టారికి చెప్పి ఇద్దరికీ దెబ్బలు తినిపించిన సంగతి కూడా చెప్పాను. అందరూ నవ్వారు. అప్పలమ్మ, "టీచరమ్మ పూచీ అంటే సాలు" అంది.

కాబట్టి నా పరువు ఇప్పుడు నీ యంత్రంలో ఉంది. జాగ్రత్త.

కుసుమ

టెక్కలి,
9 నవంబర్ 2000.

అక్కకి,

మొన్న మీ ఊళ్ళో కొలిచిన లెక్కలు వేసి చూశాను. ఇసుక మూడు మీటర్లు. బంక పదకొండు. దాని కింద ఉప్పుపొర ఎనిమిది. తరవాత మెత్తరాయి, ముప్ఫైకి గట్టిరాయి. బడి వెనకాల, నలభై మీటర్ల దగ్గర పగులు ఉన్నట్టు కనిపిస్తోంది. నీళ్ళు మంచివే అయి ఉండాలి. ఇంత అందమైన లెక్క నాకు ఇంతవరకూ తగల్లేదు. రాత్రి నిద్రపట్టలేదు అక్కా, సంతోషంతోనే.

బోరు తవ్వే రిగ్గు జనవరిలో వస్తుంది. సిమెంటు దిగేదాకా నేను అక్కణ్ణించి కదలనని నూకయ్యతో చెప్పు.

ఉమాశంకర్

దిబ్బపుట్టుగ,
28 జనవరి 2001.

ఉమా,

ఊరికి పెళ్ళికళ వచ్చింది. పంపు వేసి ఇవాళ్టికి ఆరురోజులు, ధార తగ్గలేదు. కొబ్బరినీళ్ళంత తియ్యగా ఉన్నాయని ముసలీముతకా చెప్పుకుంటున్నారు. పార్టీ నాయకుడొచ్చి కొళాయి తిప్పి, తనకేసిన దండ తీసి మీ బావ మెడలో వేసి వెళ్ళాడు. మీ బావ ఆ దండ ఎండిపోయాక కూడా గోడకి తగిలించే ఉంచారు. మగవాళ్ళ ముచ్చట్లు.

పాలెం వాళ్ళు పాత చెలమలు పూడ్చేశారు. పూడ్చమని చెప్పింది నేనే. పిల్లలు పడతారు, పైగా తుఫానుకి చెడినవి, ఇంక వాటితో పనేముంది అన్నాను. దిబ్బ మీద ఎత్తున ఉన్న మూడింటినీ కూడా పూడ్చేశారు. నూకయ్య మాత్రం ఆ పనికి రాలేదు. ఒడ్డుకెళ్ళి పడవ కారకుండా కీలు పూసుకుంటూ కూర్చున్నాడట.

ఒక సంగతి అడగాలి. రిగ్గు వచ్చిన రోజు మధ్యాహ్నం నీకూ ఆ కంట్రాక్టరుకీ ఏమిటి గొడవ? మా వంటింట్లోకి వినపడింది. తరవాత మీ బావ నిన్ను కొట్టం వెనక్కి తీసుకెళ్ళారు. వచ్చాక నువ్వు ఎవరి మొహమూ చూడలేదు. నీకోసం కొర్రమీను పులుసు చేశాను. ఆకలి లేదనీ, పలాసలో రైలుందనీ వెళ్ళిపోయావు. నీ పుట్టుక నుంచీ చూస్తున్నాను, కొర్రమీనుకి నీకు ఆకలి లేకపోవడం ఇదే మొదలు.

కుసుమ

టెక్కలి,
20 ఫిబ్రవరి 2001.

అక్కకి,

గొడవేమీ లేదు. సామాను ఆలస్యంగా వచ్చిందని కాస్త గట్టిగా మాట్లాడాను. ఆ రోజు తలనొప్పి.

నాకు అనంతపురం బదిలీ అయింది. నేనే అడిగి వేయించుకున్నాను, కొత్త రకం రాయి చూడాలని. మూడు నెలలకోసారి కొళాయి నీళ్ళు ఒక సీసాలో పట్టి నాకు పార్సిలు పంపించు. ఊరికే, రికార్డు కోసం. మర్చిపోకు.

చెలమలు పూడ్చకపోతే బాగుండేది.

ఉమాశంకర్

దిబ్బపుట్టుగ,
14 ఏప్రిల్ 2002.

ఉమా,

సీసాలు రెండు పంపి తరవాత మానేశాను, నిజమే. పోస్టాఫీసు కూర్మనాథం నీళ్ళు పార్సిలు తీసుకోనన్నాడు, కారుతాయట. నువ్వూ అడగడం మానేశావు, ఇద్దరికీ సరిపోయింది.

ఇక్కడ బోర్ల జాతర నడుస్తోంది. మన బోరు పడ్డాక మీ బావ దిగువ తోటలో సొంతానికి ఒకటి వేయించారు. ఆయన్ని చూసి ఇంకొకరు. ఇప్పటికి ఇరవై నాలుగు. వాటికి నీలాంటి వాళ్ళెవరూ రావట్లేదు. రిగ్గు లారీ సాయంత్రం వస్తుంది, తెల్లారేసరికి వెళ్ళిపోతుంది. బంకకి చేరితే చాలని పైపు కూడా నాలుగు గజాలకి మించి వెయ్యట్లేదు. కొబ్బరి బాగా కాస్తోంది. జలంత్రకోటలో మా ఆడపడుచు కూడా ఒకటి వేయించుకుంటానంటోంది.

ఇంకేముంది రాయడానికి. పప్పు ఉడకట్లేదు, కొట్టువాడు పాత కందిపప్పు అంటగట్టాడని దెబ్బలాడాను. నవ్వొచ్చే సంగతి ఒకటి చెబుతాను. మొన్న కొట్టు దగ్గర ఆడవాళ్ళం చేరితే కొట్టు బైరాగి, మీ ఊళ్ళో ఉప్పెవరూ తినడం లేదా, బస్తా దించి మూణ్ణెల్లయినా సగం అవలేదు అన్నాడు. ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. నిజమే, మా ఇంట్లోనూ ఉప్పు జాడీ నిండుగానే ఉంది. అప్పలమ్మ కూడా పులుసులో ఉప్పు ఎప్పుడు తగ్గించిందో తనకే తెలియదంది. వయసొచ్చి చేతులు పొదుపు నేర్చాయని నవ్వుకున్నాం.

నీ పెళ్ళి సంబంధం సంగతి చిన్నాన్నకి ఏం చెప్పమంటావు?

కుసుమ

అనంతపురం,
26 ఏప్రిల్ 2002.

అక్కా,

ఉత్తరం ఇప్పుడే అందింది. ఫోను కలవలేదు, ఇప్పుడే రాస్తున్నాను.

ఇవాళ్టి నుంచి కొళాయి నీళ్ళు తాగకండి. పూడ్చిన చెలమల్లో దిబ్బ మీద బాగా ఎత్తున ఉన్నదాన్ని నూకయ్య చేత తిరిగి తవ్వించు. బోర్లకి దూరంగా ఉండాలి. ఆ నీళ్ళు ఉప్పు వెయ్యకుండా అన్నంతో కలిపి రుచి చూసి ఎలా ఉన్నాయో రాయి. కొబ్బరాకు కొసలు ఎర్రబడ్డాయేమో చూడు. బీల వైపు తుంగ ఎండిందా? బోర్లు వేసినవాళ్ళు ఎంతసేపు తోడుతున్నారు? బావని అడక్కు, నువ్వే వెళ్ళి చూడు.

ఎందుకని ఇప్పుడు అడగొద్దు. ముందు ఇవి చెయ్యి.

ఉమా

దిబ్బపుట్టుగ,
2 జూన్ 2002.

ఉమా,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. విను.

కొబ్బరాకు కొసలు ఎర్రబడ్డాయి, దిగువ తోటల్లో పూర్తిగా. మీ బావ అది తెగులంటున్నారు. తుంగ ఎండలేదు, కానీ బీల అంచున తెల్లగా పిండి చల్లినట్టుంది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ఏమిటో చెప్పనక్కర్లేదు. నూకయ్య తొమ్మిది చెలమలు తవ్వాడు. అన్నిట్లోనూ ఉప్పే. తుఫాను ఉప్పయితే రెండు వానాకాలాలకి కడుక్కుపోవాలి, ఇది కింది నుంచి వస్తోందని అతనే అన్నాడు. బంక తగిలినప్పుడు వెనకటిలాగే పిడికెడు నా చేతికిచ్చాడు. తిరిగి పెట్టబోతుంటే, "ఇంక ఎక్కడెట్టినా ఒకటేనమ్మా" అన్నాడు.

అతను నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. పాలెంలో మహాలక్ష్మమ్మకీ, సోములికీ కాళ్ళు వాచాయి. నీళ్ళ వల్లేనా అంటే సోంపేట డాక్టరు తెలియదన్నాడు. ఇద్దరూ నా మాట మీద చెలమ పూడ్చుకున్నవాళ్ళే.

ఇప్పుడు నా ప్రశ్న. ఉప్పు జాడీ నిండుగా ఉందని నేను సరదాకి రాస్తే, వెయ్యి కిలోమీటర్ల దూరంలో కూర్చుని నువ్వు గంటలో కనిపెట్టేశావు. ఏం జరగబోతోందో తెలిసినవాడే అలా కనిపెడతాడు. సీసాలు ఎందుకడిగావు? చెలమలు పూడ్చకపోతే బాగుండేదని ఎందుకు రాశావు? కొర్రమీను ఎందుకు వదిలేసి వెళ్ళావు? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అంటారు, నాకు ఆకులు కూడా అక్కర్లేదు. చెయ్యి ఎవరు కాల్చారో చెప్పు.

కుసుమ

అనంతపురం,
11 జూన్ 2002.

అక్కా,

చెబుతాను. ఫోనులో నీ గొంతు వింటే చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

ఆ రోజు కంట్రాక్టరు తెచ్చిన పైపులు పన్నెండు మీటర్లకే సరిపోయాయి. ముప్ఫై కావాలి. సిమెంటు ఒక్క బస్తా కూడా తేలేదు. అంటే పైపు బంక దాటకుండానే ఆగిపోయింది. ఉప్పుపొర మొత్తం కన్నంలోకి తెరుచుకుని ఉంది. మిగతా పైపులూ సిమెంటూ వచ్చేదాకా రాతిలోకి దిగొద్దని అడ్డం పడ్డాను. అదే నువ్వు విన్న గొడవ.

బావ నన్ను కొట్టం వెనక్కి పిలిచారు. రిగ్గు వెళ్ళిపోతే మళ్ళీ ఏడాదికి గాని రాదన్నారు. కొళాయి తిప్పడానికి నాయకుడొచ్చే తేదీ వేసేశారనీ, ఆడవాళ్ళు బిందెలు తోమి పెట్టుకున్నారనీ అన్నారు. నువ్వు పాలెంలో నా పేరు మీద పూచీ పడ్డావనీ చెప్పారు. సిమెంటు తరవాత పోయిద్దాం, ఇప్పటికి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. ముప్ఫై మీటర్ల పైపు, చుట్టూ సిమెంటు అని నా చేత్తో రాసి పెట్టాను. తరవాత ఎవరూ పొయ్యలేదు. నేను గుర్తు చెయ్యలేదు. బదిలీ అడిగి పారిపోయాను.

బావ మీదికి నెట్టడానికి ఇది రాయడం లేదు. ఆయనకి రాయీ ఉప్పూ తెలియవు, నాకు తెలుసు. రిగ్గు తిరిగినప్పుడు కన్నం గోడలకి పూసుకున్న బంక కొన్నాళ్ళు అడ్డుపడింది, అందుకే మొదట తియ్యగా వచ్చాయి. నువ్వు పంపిన రెండో సీసాలోనే ఉప్పు మొదటిదానికి రెట్టింపు ఉంది. నేను దాన్ని మూల పెట్టి, మూడో సీసా వస్తే చూద్దామనుకున్నాను. అది రాకపోతే హాయిగా ఉంది. ఆ తరవాత మీవాళ్ళు ఇరవై నాలుగు చోట్ల మూతకి కన్నాలు పెట్టారు. పంపు ఆపినప్పుడల్లా పాత సముద్రం ఆ కన్నాల వెంట ఎక్కి, పైన ఉన్న వాననీళ్ళలో కలుస్తోంది.

కాళ్ళవాపుల సంగతి నాకు తెలియదు. నీళ్ళకీ దానికీ సంబంధం ఉందో లేదో తెలియకుండా ఏమీ రాయను. నాకు తెలిసింది ఉప్పు ఒక్కటే.

చెయ్యాల్సింది ఇది. పంపులన్నీ ఆపాలి. ప్రతి కన్నంలోకీ బీల బంక ఉండలు చేసి అడుగు నుంచీ దిమ్మిస చేసుకుంటూ పైదాకా నింపాలి, చివర సిమెంటు. ఒక్కటి వదిలేసినా లాభం లేదు. అన్నీ మూశాక వానలే పైపొరని కడగాలి. ఎన్నేళ్ళు పడుతుందని అడుగుతావు. పాతికేళ్ళు కావచ్చు. మన బతుకులు చాలకపోవచ్చు కూడా. ఆరువేల ఏళ్ళు పట్టి కుదురుకున్నదాన్ని నేను ఒక మధ్యాహ్నం చెడగొట్టాను.

ఆఫీసుకి నేను రాసింది తప్పని రాసి పంపుతున్నాను. ఉద్యోగం ఉంటుందో లేదో చూడాలి. ఈ ఉత్తరం మాత్రం ఎవరికీ చూపించకు. బావ పేరు ఊళ్ళో ఏమవుతుందో ఆలోచించు. బంక ఉండల సంగతి నీ మాటగా చెప్పు, చాలు.

ఉమా

దిబ్బపుట్టుగ,
30 జులై 2002.

ఉమాశంకర్,

ఉత్తరం చదివి వినిపించాను. బడి అరుగు మీద నిలబడి, ఊరూ పాలెం అంతా ఉండగా. కొట్టం వెనక మాటలు చదివాను. ఎవరికీ చూపించకు అన్న ముక్క కూడా చదివాను. మీ బావ ముందు వరసలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. మధ్యలో లేచి వెళ్ళిపోతారనుకున్నాను, వెళ్ళలేదు. తల కూడా ఎత్తలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో మాకు మాటలు లేవు. ఇంటికి రాగానే గోడ మీది దండ మాత్రం ఆయనే తీసేశారు.

చదవడం అయ్యాక అప్పలమ్మ ఏడ్చింది. నన్ను తిట్టమని అడిగాను. పూచీ పడింది నేను, పూడ్పించింది నేను. నూకయ్య లేచి, "తప్పు రాసుకున్నాడు గదమ్మా, మరింక తిట్టడమెందుకేటి? కన్నం ఎట్టిందీ ఆడే, ఎలా మూయాలో తెలిసిందీ ఆడికే. రమ్మను" అన్నాడు. అంతకుమించి కోపం లేదు అతని గొంతులో. నాకది ఇంకా కష్టంగా ఉంది.

పాలెం ఆడవాళ్ళు వేట లేని రోజుల్లో బీల నుంచి బంక గంపలతో మోస్తున్నారు. ఉండలు చేసి నీడన ఆరబెడుతున్నాం. బడి వెనక బోరు నింపడం మొదలైంది. మన దిగువ తోట బోరులో మొదటి ఉండ నేను వేశాను. మీ బావ గట్టు మీద నిలబడి చూశారు. ఆపలేదు, చెయ్యి కూడా వెయ్యలేదు. ఇరవై నాలుగు బోర్లవాళ్ళలో నలుగురే ఒప్పుకున్నారు. మిగతావాళ్ళు, చెట్టు చచ్చేదాకా ఉప్పునీళ్ళయినా తాగనీ, పక్కవాడు మూస్తే అప్పుడు చూద్దాం అంటున్నారు. నిన్న రాత్రి వడ్డివీధి చివర రిగ్గు చప్పుడు మళ్ళీ వినిపించింది. ఇరవై అయిదోది.

తాగడానికి ఊరు మొత్తానికి ఇప్పుడు ఒకటే చెలమ. మా పెరట్లో, దిబ్బ అన్నిటికంటే ఎత్తున్నచోట నూకయ్యకి దొరికింది. నూట ముప్ఫై గడపలు. గడపకి రోజుకి రెండు బిందెలని అందరూ కూర్చుని అనుకున్నారు. ప్రెసిడెంటు ఇంటికీ రెండే. తెల్లవారుజాము నుంచి నేను గట్టు మీద కూర్చుంటున్నాను, ఎవరూ తొందరపడి చిప్ప లోతుకి గుచ్చకుండా. మధ్యాహ్నానికి అడుగంటుతుంది. సాయంత్రం ఊరిన నీళ్ళు రోజూ నేను ముందు రుచి చూస్తాను. ఇవాళ్టికి బాగానే ఉన్నాయి. ఇవాళ్టికి.

నువ్వు రా. ఉద్యోగం ఉన్నా ఊడినా రా. ఒప్పుకోని ఇరవై మంది గుమ్మాల్లోనూ నిలబడి, ఆ కాగితంలో రాసింది నీ నోటితో చెప్పు. నేను చెబితే టీచరమ్మ మాట అంటున్నారు, ఒకసారి విని మోసపోయిన మాట. పలాసలో దిగి బస్సెక్కు. పడుకోవడానికి మంచం వేస్తాను. నీ మీద కోపం పోలేదు, పోతుందో లేదో తెలియదు. అయినా మంచం వేస్తాను, నువ్వు నా తమ్ముడివి.

తిండికి లోటు రానివ్వను. కానీ ఈ ఇంటికి వచ్చేవి రెండు బిందెలు, అవి ఉన్నవాళ్ళకే చాలవు. పాలెంలో ఒక ముసలామె దాహానికి ఆగి కూర్చుంటే, నా తమ్ముడొచ్చాడని ఇంకో చెంబు నేను ముంచలేను. వచ్చేటప్పుడు నీ నీళ్ళు నువ్వు తెచ్చుకో.

కుసుమ